పెయింటు కింది గీత

విమానం పైకప్పు ఆకాశంలో చిరిగిపోయి కూడా అందరూ ప్రాణాలతో దిగితే దాన్ని అద్భుతం అనకండి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. టీవీలో అంటారు, పేపర్లో రాస్తారు, పైలట్‌కు దండ వేస్తారు. వేయండి, వద్దనను. ఆయన చేయాల్సింది ఆయన చేశాడు. కానీ ఆ రేకు చిరిగితే ఎక్కడ ఆగాలో ముందే ఆలోచించి పెట్టినవాళ్లున్నారు. ఆ ఆలోచన చెడకుండా ఏళ్ల తరబడి రివెట్లు కొట్టినవాళ్లున్నారు. దాన్ని చెడగొట్టినవాళ్లూ ఉన్నారు. నేను ఆ చివరి రెండు జాతుల్లోనూ ఉన్నాను.

నేను ఇంజనీరును కాను. బోధన్‌లో తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక విమానాల కంపెనీ హ్యాంగర్‌లో, అంటే రిపేరు షెడ్డులో, ముప్పై ఏళ్లకు పైగా రేకు పని చేశాను. రిపేరు పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటే డిక్షనరీ పక్కన పెట్టుకుని పేజీ వెంట పేజీ నేర్చుకున్నాను. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. ఈ పనిలోకి పోదామనుకునే పిల్లలు వచ్చి జీతం సంగతి, ప్రమోషన్ల సంగతి అడుగుతారు. అవి నాకు తెలియవు, తెలిసినా చెప్పను. ఒక్క విమానం సంగతి చెప్పాలి. అది కూడా చెప్పకుండానే పోయేవాణ్ణి, నవ్య రాకపోయి ఉంటే.

నవ్య మా వీధి చివర ఇంటి అమ్మాయి. విమానాల రిపేరు కోర్సులో చేరింది. మొన్న సెలవులకు వచ్చి మా ఇంట్లో కూర్చుని కబుర్లు చెబుతూ నవ్వింది.

"తాతా, మా దగ్గర చూడకుండ సంతకం పెడితే ఏమంటరో తెల్సా? యూసుఫ్ సంతకం అంటరు."

"ఎవరమ్మా ఆ యూసుఫ్?"

"ఎవరో ఇన్‌స్పెక్టరట. తాగి సంతకం పెట్టిండట. గా విమానం పైకప్పు ఎగిరిపోయిందట."

నాతో పని చేసిన యూసుఫ్ భాయ్ జీవితంలో చాయ్ తప్ప మరొకటి ముట్టలేదు. బతికున్న మనిషి పేరును తిట్టు చేసి పిల్లల నోట్లో పెట్టారు. అందులో నా పాలు ఎంతో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

తునికాకు

ముందు ఆ విమానం ఎట్లా బతికిందో చెబుతాను.

మా అమ్మ బీడీలు చుట్టేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని తునికాకులు చింపి తిట్లు తినేవాణ్ణి. ఆకు అంచు పట్టి లాగితే సర్రున చిరుగుతుంది. ఈనె దాకా వచ్చి ఆగుతుంది. ఆగకపోతే పక్కకు తిరుగుతుంది. ఈనెను దాటి అవతలికి పోవడం అరుదు.

విమానం ఒళ్లు కూడా అంతే. బయట కనిపించే రేకు రూపాయి బిళ్ల మందం కూడా ఉండదు. లోపల మూరకొకటి చొప్పున చుట్టూ తిరిగే చట్రాలు ఉంటాయి. అవి ఈనెలు. పైకి పోయినప్పుడు లోపలి గాలి రేకును బయటికి తోస్తుంది, దిగినప్పుడు వదిలేస్తుంది. ఎక్కినప్పుడల్లా ఉబ్బడం, దిగినప్పుడల్లా సడలడం. వేలసార్లు అట్లా జరిగితే ఎక్కడ చిన్న గాయం ఉంటే అక్కడ పగులు పుడుతుంది. పుట్టిన పగులు పరుగెత్తి చట్రం దగ్గరి పట్టీకి తగిలి పక్కకు తిరుగుతుంది. రేకు తలుపులా తెరుచుకుంటుంది. లోపలి గాలి బయటికి పోతుంది. గాలి పోయాక చింపే బలమే ఉండదు. పగులు ఆగుతుంది. విమానం మిగులుతుంది.

మేము ముసల్ది అని పిలుచుకునే విమానానికి సరిగ్గా అదే జరిగింది. హైదరాబాద్ నుంచి పగటిపూట లేచింది. పైకి చేరుతుండగా పెద్ద చప్పుడు. సీట్ల మీది కప్పులోంచి ఆకాశం కనిపించింది. పైలట్ గాలి పీల్చుకోగలిగే ఎత్తుకు దించి, తిప్పి తెచ్చి మళ్లీ ఇక్కడే దింపాడు. లోపల పనిచేసే ఒక అమ్మాయికి చెయ్యి విరిగింది. మిగతావాళ్లు నడిచి దిగారు.

షెడ్డులోకి తెచ్చాక నిచ్చెన బల్ల ఎక్కి చూశాను. చిన్న చాపంత బొక్క. రెండు చట్రాల మధ్య చిరిగి, రెండు వైపులా తిరిగి ఆగింది. ఆ ఆగిన చోట చెయ్యి పెట్టి చూశాను. అంత కోపంలోనూ, అంత భయంలోనూ, దాన్ని కట్టినవాళ్లకు మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత చిరుగు ఎక్కడ మొదలైందో చూశాను. పై రేకు కింది రేకు మీద ఎక్కి అతుకు పడే చోట, అతుకు అంచు వెంబడే, పెయింటు కింద, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. భూతద్దం పెట్టి చూస్తే ఒకటి కాదు, వెంట్రుక ఎడంతో రెండు గీతలు.

రెండు గీతలు గీసే కత్తి ఆ షెడ్డులో ఒక్కటే ఉండేది.

తెల్లగ మెరవాలె

మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడ్డది. అది నడిచిన రోజుల్లో చెరుకు ఆడడం అయిపోగానే యంత్రాలన్నీ విప్పి శుభ్రం చేసేవాళ్లు. రసం మరిగే తొట్లలో గట్టిపడ్డ పాచిని, మూతల కింద అంటుకుపోయిన పాత వాషర్లను గీకడానికి మమ్మల్ని రోజు కూలికి పెట్టుకునేవాళ్లు. నేను, నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన యూసుఫ్ భాయ్ అక్కడే కలిశాం.

గీకడానికి ఎవరి కత్తి వాళ్లదే. విరిగిన హాక్సా బ్లేడును సాన పట్టి, పిడికి సైకిలు ట్యూబు చుట్టుకునేవాళ్లం. మేస్త్రీ వచ్చి చూసేది ఒక్కటే.

"తెల్లగ మెరవాలె. నా మొకం కనవడాలె అండ్ల."

ఇనుము మెరిస్తే పని అయినట్టు. మెరవకపోతే కూలి లేదు. ఆ మాట నా చేతుల్లోకి ఎక్కింది, తలలోకి కాదు.

తర్వాత ఇద్దరం హైదరాబాద్ హ్యాంగర్‌లో చేరాం. రివెట్ పని ఇద్దరి పని. ఒకడు బయట నిలబడి గాలి తుపాకితో కొడతాడు. ఇంకొకడు లోపల డాలీ అనే ఇనుప దిమ్మె అదిమి పట్టుకుంటాడు. మధ్యలో రేకు, ఒకరికొకరు కనిపించరు, చప్పుడులో మాట వినిపించదు. అందుకని లోపలివాడు డాలీతో రేకు మీద కొట్టి చెబుతాడు. ఒక్క దెబ్బ కొడితే రివెట్ ఇంకా కూర్చోలేదు, మళ్లీ కొట్టు అని. రెండు దెబ్బలంటే సరే. మూడు దెబ్బలంటే చెడిపోయింది, తీసేసి కొత్తది వెయ్యి అని. నేను బయట, యూసుఫ్ భాయ్ లోపల, పదేళ్లు అట్లా మాట్లాడుకున్నాం. ఆయన రెండు దెబ్బలు కొట్టిన రివెట్ ఒక్కటి కూడా వదులు కాలేదు.

ఆయన పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుని ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. నాకు పదో తరగతి లేదు కాబట్టి పరీక్షకే రానివ్వలేదు. అప్పటి నుంచి నేను చేసిన పనికి ఆయన సంతకం. నేను రిటైర్ అయ్యేదాకా ఒక్క పని కింద కూడా నా సంతకం లేదు. దీనికి చాలా ఏళ్లు కుమిలాను. సంతకం లేకపోవడం ఎంత సుఖమో తర్వాత తెలిసింది.

విమానానికి రంగు మార్చేటప్పుడు అతుకు అంచుల్లో నిండిన పాత లప్పం తీయాలి. రబ్బరులా ఉంటుంది, గాలి పోకుండా పూస్తారు. దాన్ని ప్లాస్టిక్ ముక్కతోనో చెక్క ముక్కతోనో తీయాలని పుస్తకం చెబుతుంది. ఆ పేజీ నేను చదివాను, చదవలేదని అబద్ధమాడను. కానీ ప్లాస్టిక్ ముక్కతో గజం పని చేయడానికి పూట పడుతుంది. మా పెద్దసారు, షెడ్డు మొత్తానికి అధికారి, గంటకోసారి వచ్చి గడియారం చూసి పోయేవాడు. మాటతో తిట్టేవాడు కాదు. గడియారం చూసేవాడు, అంతే. నేను డబ్బా అడుగు నుంచి బోధన్ కత్తి తీశాను. దాని మొనకు చిన్న పన్ను విరిగి ఉండేది, అందుకే ఎక్కడ గీసినా జంట గీతలు పడేవి. సర్రుమని పని సాగింది. అంచు వెంబడి రేకు తెల్లగా మెరిసింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

చక్కెర తొట్టిలో ఆ మెరుపు పనితనం. విమానం మీద అదే మెరుపు గాయం. పలచని రేకును కాపాడే పైపొరను తెంపి లోపలికి దిగినట్టు లెక్క. మర్నాడు పెయింటు పడింది. గీత కనిపించకుండా పోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ముసల్ది ఎక్కుతూ దిగుతూ నా గీతను లోతు చేస్తూ పోయింది.

తొమ్మిది రోజులు

విచారణకు వచ్చినవాళ్లు పాత కాగితాలు తీశారు. రంగు మార్చిన పని కింద యూసుఫ్ భాయ్ సంతకం ఉంది. ఆయన్ను పెద్దసారు గదిలోకి పిలిచారు. నేను బయట నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చాడు.

"ఏమన్నరు భాయ్?"

"సంతకం ఎవరిదన్నరు. నాదే అన్న."

"గీకింది ఎవరని అడగలేదా?"

"అడిగిండ్రు. యాది లేదన్న." నా మొహం వైపు కాసేపు చూశాడు. నేను తల దించుకున్నాను. "పా, చాయ్ తాగుదాం" అన్నాడు.

చాయ్ తాగాం. నేను నోరు తెరవలేదు. మర్నాడు ఆయన్ను పని నుంచి పక్కన పెట్టారు. అప్పుడూ తెరవలేదు. నాకు పెళ్లాం బిడ్డలు ఉన్నారని, నా చేతికి తప్ప చదువు లేదని, ఆయనకు లైసెన్సు ఉంది కాబట్టి ఎట్లయినా బయటపడతాడని రోజుకో కారణం చెప్పుకున్నాను. పిరికివాడికి కారణాలకు కరువుండదు.

తొమ్మిదో రోజు పొద్దున షెడ్డు తలుపులు తెరిచి, పని అయిపోయిన ఇంకో విమానాన్ని ట్రాక్టరుతో బయటికి లాగుతున్నారు. ప్రయాణికులను ఎక్కించుకోవడానికి పోతోంది. ఎండ పడి దాని పక్క అతుకు తళుక్కుమంది. ఆ అతుకు పక్కన బల్ల మీద పడుకుని నేను గీకిన రోజు గుర్తుకొచ్చింది. అప్పుడు మనసులో వరసగా అన్నీ గుర్తు చేసుకున్నాను. ముసల్ది కాక నా కత్తి తిరిగిన విమానాలు ఇంకా మూడున్నాయి. మూడూ ఎగురుతున్నాయి.

అతుకు మీద ఒక గీత ఉంటే చట్రాలు కాపాడతాయి. గీత పొడుగునా చాలాచోట్ల పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలిస్తే ఏ ఈనె కూడా ఆపలేదు. ఆ పేజీ కూడా నేను చదివాను.

పరుగెత్తి పెద్దసారు గదికి పోయాను. కత్తిని బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆయన ఫోను ఎత్తి ముందు ఆ విమానాన్ని ఆపించాడు. ఆ ఒక్క పనికి ఆయనకు మార్కులు ఇస్తాను. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"గంగారాం, ఈ సంగతి ఇంకెవరికి చెప్పావు?"

"ఎవలకు చెప్పలె సార్."

"మంచిది. మిగతా రెండింటినీ కూడా పిలిపిస్తాను. ముందుజాగ్రత్త తనిఖీ అని రాస్తాం. నీ పేరు ఎక్కడా రాదు."

"మరి యూసుఫ్ భాయ్ సార్?"

"సంతకం అతనిదే కదా. ఆ ఫైలు పైకి వెళ్లిపోయింది."

"ఎనకకు తెప్పియ్యొచ్చు కద సార్. గాలిల ఉన్న ఇమానాలనే తెప్పిస్తున్నరు."

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "రేపటి నుంచి ఆ పైకప్పు ఎవరు కడతారు? ఈ షెడ్డులో అంత పెద్ద రేకు మార్చే చెయ్యి నీదొక్కటే. ఇద్దరినీ పంపించి నేనేం చేసుకోను?" అని కత్తిని తన సొరుగులో వేసుకున్నాడు.

నేను బయటికి వచ్చాను. ఇంకో తలుపు తట్టి ఉండొచ్చు. విచారణవాళ్లు అదే వరండాలో మూడో గదిలో ఉన్నారు. ఆ తలుపు ముందు నుంచే నడిచి నా పనికి పోయాను.

మూడు విమానాల్లో రెండింటి అతుకుల మీద నా జంట గీతలు దొరికాయి. ఒకదాని మీద వేలిగోరంత పగులు కూడా పుట్టింది. మూడింటినీ బాగు చేశారు. యూసుఫ్ భాయ్ లైసెన్సు పోయింది. ఆయన ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. పెట్టె సర్దుకుని బోధన్ బస్సెక్కాడు.

ముసల్దాన్ని లేపడం

చిరిగిన విమానం మళ్లీ ఎగరడమంటే బొక్కకు అతుకు వేయడం కాదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందు ఇది తెలుసుకోవాలి.

మొదట దాని బరువును జాకీల మీదికి ఎత్తాలి. అట్లా ఎత్తకుండా రేకు కోస్తే ఒళ్లు వంగి, ఆ వంకర మీదే కొత్త రేకు బిగుస్తుంది. తర్వాత కంటికి కనిపించే చిరుగు దగ్గర ఆగకూడదు. దాని చుట్టూ మంచి రేకు దొరికేదాకా యంత్రం పెట్టి వెతుక్కుంటూ పోవాలి. ఎగిరిపోయిన ముక్క తోకకు తగిలిందేమో చూడాలి. చట్రాలు వంగాయేమో ఒక్కొక్కటీ కొలవాలి. రంధ్రం వేసిన ప్రతిచోటా అంచు గరుకు తీయాలి, ఎందుకంటే ఆ గరుకులోనే ఇంకో పగులు పుడుతుంది. అన్నీ అయ్యాక లోపల గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూసి బుడగలు చూస్తారు. అప్పుడు ఖాళీగా ఎగిరించి తెస్తారు. ఆ తర్వాతే ఇన్‌స్పెక్టర్ సంతకం.

రెండు నెలలకు పైగా ఆ పైకప్పు మీద ఉన్నాను. చెక్క ముక్కలతో గీకాను. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది, అందుకే పని ఎప్పటికంటే బాగా చేశాను. లోపల డాలీ పట్టింది వేరే మనిషి. మంచివాడే. అతను రెండు దెబ్బలు కొట్టినా నాకు సరే అనిపించేది కాదు. లోపలికి పోయి స్వయంగా చూసి వచ్చేవాణ్ణి.

ముసల్ది మళ్లీ లేచిన రోజు పెద్దసారు మిఠాయి పంచాడు. నా భుజం తట్టాడు. మిఠాయిని జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి పారేశాను. ఆ విమానం ఇంకా చాలా ఏళ్లు నడిచి, గౌరవంగా రిటైర్ అయింది. దాని పుస్తకంలో ఏ రోజు చిరిగిందో, ఏ రేకు మార్చారో, ఎవరు చూశారో అన్నీ ఉన్నాయి. దెబ్బ తిన్న విమానాన్ని మళ్లీ పనికి పంపడానికి ఇన్ని పద్ధతులు పెట్టుకున్నవాళ్లు దెబ్బ తిన్న మనిషికి ఒక్కటి కూడా పెట్టుకోలేదు. మనిషినైతే ఫైలులో కట్టి పైకి పంపడమే.

పిల్లలూ, గడియారం చూసే అధికారి ప్రతి షెడ్డులో ఉంటాడు. వాడికి భయపడి చేసిన పని వాడిది కాదు, మీదే. తప్పు చేసిన గంటలో చెబితే అది మహా అయితే ఒక రేకు ఖర్చు. అదే రోజు చెప్పి ఉంటే నా గీతను నున్నగా రుద్ది, కొలిచి, రాసుకుని వదిలేసేవాళ్లు. చాలా రోజులు పోయాక చెబితే ఎవరో ఒకరు దాని కింద పడి ఉంటారు.

పెట్టెల దుకాణం

యూసుఫ్ భాయ్ బోధన్‌లో రేకు పెట్టెలు, ధాన్యం గుమ్ములు చేసే దుకాణం పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో చాలాసార్లు పోయాను. చాయ్ తాగి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుని, ఆ మాట ఎత్తకుండానే బస్సెక్కి వచ్చాను. పోయిన వారం ఇది రాసుకుని పోయాను. ఆయనకు చూపు మందగించింది కాబట్టి చదివి వినిపిస్తానన్నాను.

"ఏంది, వీలునామనా? నాకేమన్న రాసినవా?" అని నవ్వాడు.

నవ్య చెప్పిన మాట దగ్గర నవ్వు ఆగింది. "తాగి అన్నరా? తోబా!" అని సుత్తి కింద పెట్టాడు. అక్కడి నుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. నేను రాసుకుపోయిన ఆఖరి మాట ఇది: యూసుఫ్ భాయ్ ఏ పాపం ఎరగడు, తప్పంతా నాదే.

ఆయన పక్కనున్న పెట్టె రేకు మీద సుత్తితో కొట్టాడు. ఒక్క దెబ్బ.

ఇంకా కూర్చోలేదు, మళ్లీ కొట్టు.

"ఇంకేం రాయాలె భాయ్?"

"అబద్ధం రాసినవ్ కదరా. నాకు యాది లేకనా? నువ్వు గీకుతుంటె నీ ఎనకనే నిలవడ్డ. నీ చేతిల బోధన్ కత్తి సూసిన. సైకిల్ ట్యూబు సుట్టిన కత్తి, నేను గుర్తు వట్టనా? మన ఊరి కత్తి, మనోని చెయ్యి, ఏం గాదనుకున్న. రేకు తెల్లగ మెరిసింది. మంచిగనే ఉందనుకోని సంతకం వెట్టిన."

నేను జేబులోంచి పెన్ను తీశాను.

"చూడకుండ పెట్టిండంటున్నరు గద, అది తప్పు. సూసే వెట్టిన. గది రాయి. తాగలేదని రాయి. నన్ను దర్గల పీరును చెయ్యకు." సుత్తిని పక్కన పెట్టాడు. "గీకిన పాపం సగం సగం. గా తొమ్మిది దినాలు, గా మూడో గది తలుపు మాత్రం నీయి. అండ్ల నాకు పాలు లేదు. నేను యాది లేదన్నప్పుడు నీ మొకం సూసిన గంగా. నువ్వే చెప్తవని సూసిన."

కొనడానికి వచ్చిన ఎవరో గుమ్మి ధర అడుగుతున్నారు. ఆయన అటు తిరిగి చెప్పి, మళ్లీ నా వైపు చూడకుండానే అన్నాడు.

"మళ్ల రాసుకోని రా. కింద సంతకం నీది వెట్టు. ఈసారన్న."

ఆయన చెప్పినట్టే రాశాను. పై మాటల్లో ఆయనవి ఒక్కటీ మార్చలేదు. రేపు ఇది పట్టుకుని బోధన్ పోతాను. చదువుతాను. రెండు దెబ్బలు వినిపిస్తే నవ్యకు ఇస్తాను, క్లాసులో అందరి ముందూ చదవమని. మూడు వినిపిస్తే చింపేసి మొదటి నుంచి రాస్తాను.

పని చేసింది: గంగారాం, రేకు పని.